ఓపెన్ సోర్స్ క్లౌడ్ నిల్వ సర్వర్ల నెట్‌వర్క్ పనితీరు: పోలికలపై విమర్శ

పాఠం - 9

విషయక్రమం
9.0 లక్ష్యాలు
9.1 పరిచయం
9.2 పోలికకు వచ్చే సర్వర్లు
9.3 ప్రయోగశాల అంకె – దాని పరిమితి
9.4 కృష్ణా డెల్టా నుంచి మూడు లెక్కలు
9.5 సర్వర్ వెనుక జరిగే రాకపోకలు
9.6 పోలిక ఎలా ఉండాలి?
9.7 సారాంశం
9.8 మీ ప్రగతిని తెలుసుకోండి – సమాధానాలు
9.9 నమూనా పరీక్షా ప్రశ్నలు

9.0 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• ఓపెన్ సోర్స్ నిల్వ సర్వర్లు ఫైళ్లను పంపే పద్ధతుల్లో ఉన్న తేడాలను వివరించగలుగుతారు.
• ‘సెకనుకు ఇన్ని మెగాబైట్లు’ అనే ఒక్క అంకెతో చేసే పోలికలను విమర్శనాత్మకంగా పరిశీలించగలుగుతారు.
• రాకపోకల వ్యవధి, ప్యాకెట్ నష్టం, అంతరాయం అనే మూడు అంశాలు పని పూర్తయ్యే సమయాన్ని ఎలా మారుస్తాయో లెక్కించగలుగుతారు.
• మీ ప్రాంతానికి తగిన పరీక్షను మీరే రూపొందించుకోగలుగుతారు.

9.1 పరిచయం

ఫైళ్లను ఒకచోట భద్రపరచి, అనుమతి ఉన్నవారు ఎక్కడి నుంచైనా వాడుకునే ఏర్పాటును క్లౌడ్ నిల్వ అంటారని ముందు పాఠంలో తెలుసుకున్నారు. పెద్ద కంపెనీల సేవలకు చందా కట్టకుండా, ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌తో సొంత సర్వర్ పెట్టుకోవచ్చని కూడా చూశారు. ఒక అధ్యయన కేంద్రమో, సహకార సంఘమో, చిన్న వ్యాపార సంస్థో అలా పెట్టుకోవాలని నిర్ణయించుకుంటే ముందుగా వచ్చే ప్రశ్న: ‘వీటిలో ఏది వేగంగా పనిచేస్తుంది?’

ఈ ప్రశ్నకు జవాబుగా సాధారణంగా ఒక పట్టిక దొరుకుతుంది. ఎడమవైపు సర్వర్ల పేర్లు, కుడివైపు సెకనుకు ఎన్ని మెగాబైట్లు పంపిందో చెప్పే అంకెలు ఉంటాయి. పెద్ద అంకె ఉన్న సర్వర్ గెలిచినట్టు లెక్క. అంకె తప్పు కాకపోవచ్చు. కానీ అది ఏ దారి మీద, ఏ పనికి వచ్చిన అంకె అన్నది తెలియకుండా దాన్ని నమ్మితే ఎంపిక తప్పుతుంది.

ఈ పాఠం వాదన ఇది: నెట్‌వర్క్ పనితీరు సర్వర్ ఒక్కదాని గుణం కాదు. సర్వర్, మధ్యలోని దారి, వాడుకరి చేసే పని – ఈ మూడూ కలిస్తేనే అది తేలుతుంది. అందుకే మచిలీపట్నం, గుడివాడ, దివిసీమల్లోని వాడుకరిని దృష్టిలో పెట్టుకొని ఆ పట్టికలను తిరిగి చదువుదాం. అభ్యాసాలు అప్‌లోడ్ చేయవలసిన చివరి రోజున లైను మధ్యలో తెగితే ఏమవుతుందో దూరవిద్య విద్యార్థులైన మీకు వేరే చెప్పనక్కరలేదు. సర్వర్‌ను ఎంచుకునేవారు ఆ క్షణాన్ని లెక్కలోకి తీసుకున్నారా లేదా అన్నదే ఇక్కడ అసలు ప్రశ్న.

9.2 పోలికకు వచ్చే సర్వర్లు

పట్టికల్లో తరచు కనిపించే పేర్లను రెండు వర్గాలుగా విభజించవచ్చు.

అ) ఫైళ్లను పంచుకునే సర్వర్లు: ఓన్‌క్లౌడ్ 2010లో మొదలైంది. దాని వ్యవస్థాపకుడు ఫ్రాంక్ కార్లిచెక్ 2016లో విడిపోయి నెక్స్ట్‌క్లౌడ్‌ను ప్రారంభించారు. నెక్స్ట్‌క్లౌడ్ వెబ్‌డావ్ అనే పద్ధతిలో ఫైళ్లను పంపుతుంది. పెద్ద ఫైళ్లను ముక్కలు చేసి పంపుతుంది. సీఫైల్ పద్ధతి వేరు. అది ప్రతి ఫైలును దిమ్మెలుగా విడగొట్టి నిల్వ చేస్తుంది. ఫైలు మారినప్పుడు మారిన దిమ్మెలను మాత్రమే పంపుతుంది. 2013లో వచ్చిన సింక్‌థింగ్‌కు కేంద్ర సర్వర్ అవసరమే లేదు. రెండు కంప్యూటర్లు నేరుగా మాట్లాడుకొని, 128 కిలోబైట్ల నుంచి 16 మెగాబైట్ల వరకు ఉండే దిమ్మెలను ఇచ్చిపుచ్చుకుంటాయి.

ఆ) వస్తు నిల్వ సర్వర్లు: ఇవి పెద్ద సంస్థలకు, ఇతర సాఫ్ట్‌వేర్లకు అడుగున ఉండే నిల్వ. సెఫ్ పరిశోధన పత్రాన్ని సేజ్ వెయిల్, ఆయన సహచరులు 2006లో ప్రచురించారు. స్విఫ్ట్ 2010లో ఓపెన్‌స్టాక్‌లో భాగంగా వచ్చింది. మినియో అమెజాన్ ఎస్3 పద్ధతిని అనుసరిస్తుంది.

ఈ రెండు వర్గాలను ఒకే పట్టికలో పెట్టి పోల్చడం మొదటి లోపం. ధాన్యం గోదాము సామర్థ్యాన్ని, ఊళ్లోకి బియ్యం చేరవేసే ఆటో వేగాన్ని ఒకే కొలతతో కొలిచినట్టు ఉంటుంది. గోదాములో ఎన్ని బస్తాలు పడతాయన్నది అవసరమైన ప్రశ్నే; మీ ఇంటికి బస్తా ఎప్పుడు చేరుతుందన్నది వేరే ప్రశ్న.

9.3 ప్రయోగశాల అంకె – దాని పరిమితి

చాలా పరీక్షల్లో సర్వర్, వాడుకరి కంప్యూటర్ ఒకే గదిలో, ఒకే స్విచ్‌కు కలిపి ఉంటాయి. లైను సామర్థ్యం సెకనుకు 1,000 మెగాబిట్లు. ఒక సందేశం వెళ్లి తిరిగి రావడానికి పట్టే కాలాన్ని రాకపోకల వ్యవధి అంటాం. ఆ గదిలో అది 1 మిల్లీసెకను మించదు. అలాంటి చోట ఒక పెద్ద ఫైలును పంపితే తేలేది డిస్కు, ప్రాసెసర్‌ల వేగం. సర్వర్ అనవసరంగా పదిసార్లు కబురు పంపినా ఆ ఆలస్యం ఎవరి కంటా పడదు.

బయటి దారి అలా ఉండదు. గాజు తీగలో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు ప్రయాణిస్తుంది. మచిలీపట్నం నుంచి చెన్నై నేరుగా సుమారు 350 కిలోమీటర్లు. రాకపోకలకు కనీసం 3.5 మిల్లీసెకన్లు. సింగపూర్ సుమారు 3,000 కిలోమీటర్లు. కనీసం 30 మిల్లీసెకన్లు. అమెరికా తూర్పు తీరం 13,000 కిలోమీటర్ల పైమాటే. కనీసం 130 మిల్లీసెకన్లు. ఇవి భౌతిక శాస్త్రం విధించే కనీస హద్దులు. తీగలు వంకరటింకరగా వెళ్తాయి, మధ్యలో రూటర్లు ఉంటాయి కాబట్టి నిజమైన వ్యవధి ఇంకా ఎక్కువ. ఎంత డబ్బు పోసినా ఏ సర్వర్ కూడా ఈ హద్దును దాటలేదు.

మీరు రోజూ చూసే ఉదాహరణ ఒకటి ఉంది. తెలుగు వికీపీడియాలోని బొమ్మలు, తెలుగు వికీసోర్స్‌లోని స్కాన్ చేసిన పుస్తకాలు చాలావరకు వికీమీడియా కామన్స్‌లో ఉంటాయి. ఆ నిల్వకు వాడుతున్నది ఓపెన్ సోర్స్ సర్వర్ అయిన స్విఫ్టే. అసలు నిల్వ అమెరికాలోని కేంద్రాల్లో ఉంది. 2018లో సింగపూర్‌లో ఒక తాత్కాలిక నిల్వ కేంద్రాన్ని ఏర్పాటు చేశారు. దానివల్ల ఎక్కువమంది చూసే బొమ్మలు మనకు దగ్గర నుంచే అందుతాయి. కానీ బందరు నుంచి మీరు ఒక పాత పుస్తకాన్ని స్కాన్ చేసి ఎక్కిస్తే, అది చివరికి అమెరికా చేరవలసిందే. సర్వర్ ఒక్కటే, వాడుకరి ఒక్కరే. చదివేటప్పటి అనుభవం వేరు, ఎక్కించేటప్పటి అనుభవం వేరు. ఒక్క అంకె ఈ రెండింటినీ ఎలా చెప్పగలదు?

దూరానికి ప్యాకెట్ నష్టం తోడైతే తేడా ఇంకా పెరుగుతుంది. 1997లో మాథిస్, ఆయన సహచరులు ఇచ్చిన సూత్రం ప్రకారం, ఒక టీసీపీ కనెక్షన్ అందుకోగల వేగం రాకపోకల వ్యవధికీ, నష్టం నిష్పత్తి వర్గమూలానికీ విలోమానుపాతంలో ఉంటుంది. ఒక ప్యాకెట్‌లో 1,460 బైట్లు, నష్టం నూటికి ఒకటి అనుకుందాం. వ్యవధి 1 మిల్లీసెకను అయితే వేగం సుమారు 117 ఎంబీపీఎస్. వ్యవధి 60 మిల్లీసెకన్లు అయితే అది 2 ఎంబీపీఎస్ లోపే. ఈ రెండో పరిస్థితిలో పట్టికలోని మొదటి సర్వరూ, చివరి సర్వరూ దాదాపు ఒకేలా నెమ్మదిగా కనిపిస్తాయి. ఈ సూత్రం పాత రద్దీ నియంత్రణ పద్ధతులకు వర్తిస్తుంది. 2016లో గూగుల్ ప్రకటించిన బీబీఆర్ వంటి పద్ధతులు నష్టాన్ని మరో విధంగా చూస్తాయి. కాబట్టి సర్వర్ నడిచే లినక్స్‌లో ఏ పద్ధతి పెట్టారో చెప్పని పోలిక అసంపూర్ణం.

మీ ప్రగతిని తెలుసుకోండి – 1
గమనిక: మీ సమాధానాన్ని విడిగా రాసుకొని, 9.8లో ఇచ్చిన సమాధానంతో సరిచూసుకోండి.
ప్రశ్న: 2,000 కిలోమీటర్ల దూరంలో ఉన్న సర్వర్‌తో కనీస రాకపోకల వ్యవధి ఎంత?

9.4 కృష్ణా డెల్టా నుంచి మూడు లెక్కలు

ఇప్పుడు మూడు సందర్భాలను ఊహించుకుందాం. అన్నింటిలోనూ అప్‌లోడ్ వేగం 4 ఎంబీపీఎస్, రాకపోకల వ్యవధి 60 మిల్లీసెకన్లు అనుకుందాం. ఇవి లెక్క కోసం తీసుకున్న అంకెలు. మీ ఊరి అంకెలను మీరే కొలిచి వీటి స్థానంలో పెట్టుకోవచ్చు. ఒక బైటు అంటే 8 బిట్లు అని గుర్తుంచుకోండి.

1. గుడివాడ – చిన్న ఫైళ్లు ఎక్కువ. ఒక రైసుమిల్లు గుమస్తా రోజు చివర 600 రసీదులను సర్వర్‌కు పంపాలి. ఒక్కొక్కటి 10 కిలోబైట్లు. మొత్తం 6 మెగాబైట్లు, అంటే 48 మెగాబిట్లు. 4 ఎంబీపీఎస్ లైను మీద 12 సెకన్లలో వెళ్లిపోవాలి. కానీ ప్రతి రసీదుకూ సర్వర్‌తో రెండుసార్లు కబురు నడిచి, ఒకటి ముగిశాకే ఇంకొకటి మొదలైతే, 600 × 2 × 60 మిల్లీసెకన్లు, అంటే మరో 72 సెకన్లు పడుతుంది. మొత్తం 84 సెకన్లు. అదే రసీదులను నూరేసి చొప్పున ఆరు మూటలు కట్టి పంపితే, అదనపు కాలం ఒక సెకను కూడా ఉండదు. మొత్తం సుమారు 13 సెకన్లు. ప్రయోగశాలలో, 1 మిల్లీసెకను వ్యవధితో, మూటలు కట్టని సర్వర్‌కు ఇదే పనిలో పట్టేది సుమారు 1.25 సెకన్లు. ఆ తేడాను ఎవరూ పట్టించుకోరు. పైగా ఒకే పెద్ద ఫైలుతో పరీక్షిస్తే అది అసలు బయటపడదు. నెక్స్ట్‌క్లౌడ్ మొదట్లో ఒక్కో ఫైలుకూ ఒక్కో అభ్యర్థన పంపేది. తరువాతి వెర్షన్లలో చిన్న ఫైళ్లను గుంపుగా పంపే ఏర్పాటు వచ్చింది. వెర్షన్ సంఖ్య రాయని పట్టికకు విలువ లేదని దీనివల్ల తెలుస్తుంది.

2. మచిలీపట్నం – పెద్ద ఫైలు, చిన్న మార్పు. బందరు కలంకారీ నమూనాలు గీసే ఒక కళాకారిణి దగ్గర 40 మెగాబైట్ల చిత్రం ఉంది. అది కుదించని రకం ఫైలు. కొనుగోలుదారు కోరిక మేరకు చిత్రం అడుగుభాగంలోని అంచును మాత్రమే మార్చింది. ఫైలు మొత్తాన్ని తిరిగి పంపే సర్వర్‌కు 320 మెగాబిట్లు, 80 సెకన్లు కావాలి. మారిన దిమ్మెలను మాత్రమే పంపే సర్వర్‌కు, అవి 2 మెగాబైట్లు అయితే, 4 సెకన్లు చాలు. ఇక్కడ సీఫైల్, సింక్‌థింగ్‌ల పద్ధతి స్పష్టంగా మెరుగైనది. కానీ ఈ మెప్పుకూ హద్దు ఉంది. జేపెగ్ వంటి కుదించిన ఫైళ్లలో ఒక చిన్న మార్పు తరువాతి భాగమంతటినీ మార్చేయవచ్చు. అప్పుడు పంపవలసిన దిమ్మెలు చాలా ఉంటాయి, లాభం తగ్గిపోతుంది. ‘మార్పు మాత్రమే పంపుతుంది’ అన్న ప్రచారాన్ని చదివినప్పుడు ‘ఏ రకం ఫైలులో?’ అని అడగండి.

3. దివిసీమ – తెగిపోయే లైను. దివిసీమను కృష్ణానది పాయలు ఒకవైపు, సముద్రం మరోవైపు చుట్టి ఉంటాయి. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన ఈ ప్రాంతపు జ్ఞాపకంలో చెరగనిది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. రాష్ట్రంలో ఫైబర్‌నెట్ తీగలను ఎక్కువగా విద్యుత్ స్తంభాల మీదుగానే లాగారు. ఖర్చు తగ్గించి పల్లెలకు త్వరగా చేర్చడానికి అది మంచి ఉపాయమే. అయితే గాలికి స్తంభం ఒరిగితే కరెంటూ, తీగా కలిసి పోతాయి.

అవనిగడ్డలో ఒక విద్యార్థి 60 మెగాబైట్ల ప్రాక్టికల్ వీడియోను పంపుతున్నాడనుకోండి. 480 మెగాబిట్లు, 120 సెకన్ల పని. 110వ సెకనులో లైను తెగింది. అప్పటికి 55 మెగాబైట్లు వెళ్లాయి. ఫైలును ఒకే ముక్కగా తీసుకునే సర్వర్ అయితే మళ్లీ మొదటి నుంచి పంపాలి: మొత్తం 115 మెగాబైట్ల డేటా ఖర్చు. 10 మెగాబైట్ల ముక్కలుగా తీసుకునే సర్వర్‌లో అప్పటికే అయిదు ముక్కలు చేరి ఉంటాయి. మిగిలిన ఒక్క ముక్కను మళ్లీ పంపితే చాలు. మొత్తం 65 మెగాబైట్లు. తిరిగి లైను వచ్చాక ఒకరికి రెండు నిమిషాలు కావాలి, మరొకరికి 20 సెకన్లు. ఆ లైను ప్రతి 110 సెకన్లకూ తెగుతూ ఉంటే మొదటి సర్వర్‌లో ఆ వీడియో ఎప్పటికీ చేరదు. ప్రయోగశాల పట్టికలో మాత్రం రెండు సర్వర్లకూ ఒకే మార్కు పడి ఉండవచ్చు.

ఇక్కడ ఇంకో ప్రశ్న కూడా వేయాలి: సగంలో ఆగిన ముక్కలను సర్వర్ ఎంతకాలం దాచి ఉంచుతుంది? తుపాను తరువాత లైను మూడు రోజులకు వస్తే, ముక్కలను ఒక్క రోజుకే చెరిపేసే అమరిక నిరుపయోగం. ఇది సర్వర్ వేగానికి సంబంధించిన విషయం కాదు. నిర్వాహకుడు మార్చుకోగల అమరిక. అయినా ఆ విద్యార్థి పని పూర్తవుతుందా లేదా అన్నది దీనిమీదే ఆధారపడి ఉంది.

మీ ప్రగతిని తెలుసుకోండి – 2
ప్రశ్న: పై మూడో సందర్భంలో ముక్క పరిమాణం 30 మెగాబైట్లు అయితే, లైను తెగిన తరువాత ఎన్ని మెగాబైట్లు మళ్లీ పంపాలి?

9.5 సర్వర్ వెనుక జరిగే రాకపోకలు

సెఫ్, స్విఫ్ట్ వంటి వస్తు నిల్వల్లో సాధారణంగా ప్రతి ఫైలుకూ మూడు ప్రతులు ఉంచుతారు. సెఫ్‌లో ఫైలు ముందుగా ప్రధాన డిస్కుకు చేరుతుంది. అది మిగిలిన ప్రతులను రాయించి, అన్నీ పూర్తయ్యాకే ‘చేరింది’ అని చెబుతుంది. స్విఫ్ట్‌లో ముందున్న ప్రాక్సీ సర్వర్ మూడు చోట్లకూ పంపి, రెండు చోట్ల చేరితే చాలునని జవాబిస్తుంది. మూడోదాన్ని తరువాత సరిచేస్తుంది. అందువల్ల ఒక డిస్కు నెమ్మదిస్తే సెఫ్ ఆలస్యంగా, స్విఫ్ట్ త్వరగా కనిపించవచ్చు. దీన్ని ‘స్విఫ్ట్ గెలిచింది’ అని రాయడం తొందరపాటు. సెఫ్ ఇచ్చే హామీ వేరు: రాసిన వెంటనే ఎవరు చదివినా కొత్త ప్రతే కనిపిస్తుంది. రెండు వేర్వేరు హామీలకు ధర వేర్వేరుగా ఉంటుంది.

ఈ అంశం ఎవరికి ముఖ్యం? 4 ఎంబీపీఎస్‌తో పంపే ఒక్క వాడుకరికి వెనుక జరిగేది కనిపించదు. గడువు రోజున 500 మంది విద్యార్థులు ఒకేసారి పంపితే లోపలికి వచ్చేది 2,000 ఎంబీపీఎస్. సెఫ్‌లో మరో రెండు ప్రతుల కోసం డిస్కుల మధ్య ఇంకో 4,000 ఎంబీపీఎస్ నడుస్తుంది. విశ్వవిద్యాలయ స్థాయి సర్వర్‌కు ఇది కీలకం. పదిమంది వాడే కార్యాలయానికి దాదాపు అనవసరం. రెండో రకం వారు మొదటి రకం పట్టిక చూసి, అవసరం లేని సంక్లిష్టతను కొని తెచ్చుకోవడం తరచుగా జరిగే పొరపాటు.

9.6 పోలిక ఎలా ఉండాలి?

విమర్శ అంటే తోసిపుచ్చడం కాదు. ప్రయోగశాల పరీక్షకు ఒక గుణం ఉంది: దాన్ని ఎవరైనా మళ్లీ చేసి చూడవచ్చు. బయటి లైను మీద చేసిన పరీక్ష ఉదయం ఒకలా, సాయంత్రం ఒకలా ఉంటుంది. కాబట్టి ప్రయోగశాలను వదలకుండా, బయటి పరిస్థితులను దానిలోకి తేవాలి. లినక్స్‌లోని నెటెమ్ అనే సాధనంతో 60 మిల్లీసెకన్ల ఆలస్యాన్ని, నూటికి ఒక ప్యాకెట్ నష్టాన్ని కావాలని కల్పించవచ్చు. ఐపెర్ఫ్ అనే సాధనంతో లైను అసలు సామర్థ్యాన్ని ముందుగా కొలిచి, సర్వర్ ఫలితాన్ని దానితో పోల్చవచ్చు. రెండూ ఉచితమే.

ఈ దిశలో ఆదర్శంగా చెప్పదగినది 2013లో ఇడీలియో ద్రాగో, ఆయన సహచరులు వ్యక్తిగత క్లౌడ్ నిల్వలపై చేసిన అధ్యయనం. వారు తీసుకున్నవి డ్రాప్‌బాక్స్, గూగుల్ డ్రైవ్ వంటి కంపెనీ సేవలు. అయినా పద్ధతి మనకు పనికివస్తుంది. వేగం ఎంత అని మాత్రమే అడగకుండా, ప్రతి సేవా ఫైలును ముక్కలు చేస్తుందా, మూటలు కడుతుందా, ఉన్నదాన్నే మళ్లీ పంపకుండా ఆగుతుందా, మార్పును మాత్రమే పంపుతుందా, కుదిస్తుందా అని వారు పరిశీలించారు. అంకె వెనుక ఉన్న కారణం అప్పుడే తెలుస్తుంది.

దీని ఆధారంగా ఏ పోలికనైనా మీరు అడగవలసిన ప్రశ్నలు:
1. సర్వర్‌కూ వాడుకరికీ మధ్య రాకపోకల వ్యవధి, నష్టం ఎంత?
2. ఒకే పెద్ద ఫైలా, అనేక చిన్న ఫైళ్లా, మారిన ఫైలా – మూడింటినీ విడివిడిగా పరీక్షించారా?
3. మధ్యలో లైను తెంచి చూశారా?
4. ఒక్కసారి కొలిచారా, పలుమార్లు కొలిచి మధ్యగతాన్నీ, అత్యంత చెడ్డ ఫలితాన్నీ ఇచ్చారా?
5. సర్వర్ వెర్షన్, అమరికలు రాశారా?

చివరగా, వేగంతో సంబంధం లేని ఒక ప్రశ్నను వదలకూడదు. సీఫైల్ దిమ్మెలుగా దాచుకుంటుంది కాబట్టి సర్వర్ పాడైతే, డిస్కును తీసి మరో కంప్యూటర్‌కు తగిలించినంత మాత్రాన ఫైళ్లు మామూలు పేర్లతో కనిపించవు. దాని సొంత సాధనంతో వాటిని బయటికి తీయాలి. నెక్స్ట్‌క్లౌడ్ సాధారణ అమరికలో ఫైళ్లను ఉన్నవి ఉన్నట్టుగానే డిస్కుపై ఉంచుతుంది. వరద నీరు గదిలోకి వచ్చే చోట ఈ తేడా కొన్ని సెకన్ల వేగం కంటే విలువైనది. సింక్‌థింగ్‌లో ప్రతి కంప్యూటర్‌లోనూ ఒక ప్రతి ఉంటుంది. బయటి లైను పోయినా, కరెంటు ఉన్నంతసేపు ఒకే భవనంలోని కంప్యూటర్లు తమలో తాము ఫైళ్లు సర్దుకుంటాయి. కానీ ఒకరు పొరపాటున చెరిపిన ఫైలు అందరి దగ్గరా చెరిగిపోవచ్చు. పాత ప్రతులను దాచే అమరికను మనమే పెట్టుకోవాలి.

కాబట్టి మన మూడు సందర్భాలకు ఒకే విజేత లేదు. గుడివాడ గుమస్తాకు మూటలు కట్టే సర్వర్, బందరు కళాకారిణికి మార్పు మాత్రమే పంపే సర్వర్, అవనిగడ్డ విద్యార్థికి ఆగినచోటి నుంచి కొనసాగించే సర్వర్ కావాలి. ముగ్గురికీ ఒకే సర్వర్ పెట్టవలసి వస్తే, మూడో అవసరానికే ముందు స్థానం ఇవ్వాలి. మొదటి ఇద్దరికీ తప్పుడు ఎంపికవల్ల పోయేది సమయం. మూడో వ్యక్తికి పోయేది పనే.

9.7 సారాంశం

ఓపెన్ సోర్స్ నిల్వ సర్వర్లను ఒక్క వేగపు అంకెతో పోల్చడం సరికాదు. ప్రయోగశాలలో రాకపోకల వ్యవధి, నష్టం, అంతరాయం దాదాపు ఉండవు. డెల్టాలోని వాడుకరికి ఈ మూడే ప్రధానం. చిన్న ఫైళ్లను మూటకట్టడం, మారిన భాగాన్నే పంపడం, ఆగినచోటి నుంచి కొనసాగించడం అనే గుణాలను విడివిడిగా పరీక్షించాలి. వస్తు నిల్వలను పోల్చేటప్పుడు అవి ఇచ్చే హామీలను కూడా పోల్చాలి. కొలవవలసింది సెకనుకు మెగాబైట్లతో పాటు, పని పూర్తి కావడానికి పట్టిన కాలం, అందుకు ఖర్చయిన డేటా.

9.8 మీ ప్రగతిని తెలుసుకోండి – సమాధానాలు

1. వెళ్లిరావడానికి 4,000 కిలోమీటర్లు. సెకనుకు 2 లక్షల కిలోమీటర్ల చొప్పున 20 మిల్లీసెకన్లు.
2. 55 మెగాబైట్లు వెళ్లేసరికి 30 మెగాబైట్ల ముక్క ఒక్కటే పూర్తిగా చేరింది. కాబట్టి మళ్లీ 30 మెగాబైట్లు పంపాలి. ముక్క పెద్దదైన కొద్దీ అంతరాయం వల్ల నష్టం పెరుగుతుందని గమనించండి.

9.9 నమూనా పరీక్షా ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. ‘నెట్‌వర్క్ పనితీరు సర్వర్ ఒక్కదాని గుణం కాదు.’ ఈ వాక్యాన్ని తగిన లెక్కలతో సమర్థించండి లేదా ఖండించండి.
2. మీ అధ్యయన కేంద్రానికి నిల్వ సర్వర్‌ను ఎంచుకోవడానికి ఒక పరీక్షా ప్రణాళికను రూపొందించండి.

II. కింది ప్రశ్నలకు 15 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. మార్పు మాత్రమే పంపే పద్ధతి వల్ల లాభాన్నీ, పరిమితినీ వివరించండి.
2. సెఫ్, స్విఫ్ట్‌లు ‘ఫైలు చేరింది’ అని చెప్పే తీరులోని తేడాను వివరించండి.